పుస్తకం కబుర్లు, నిషి-కసాయి (టోక్యో): ఎవరు ఏ పని చేస్తారు?

అందరికీ నమస్తే. వచ్చే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం మన పుస్తక చర్చకి హాలు దొరికింది. పుస్తకం జపాన్ రచయిత్రి సయాకా మురాతా గారి నవల ‘కన్వీనియన్స్ స్టోర్ వుమన్’. ఇంకో జపాన్ రచయిత హరుకి మురకామి అభిమానులు అలగొద్దు, ఆయన నవల లావు చూసి జడిసినవాళ్లే ఎక్కువ.

చదవనివాళ్ల కోసం: దీనికి 2016లో జపాన్‌లో పేరున్న సాహిత్య బహుమతి, అకుతగావా ప్రైజు వచ్చింది. అప్పటికీ రచయిత్రి ఓ కన్వీనియన్స్ స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తూనే ఉన్నారు. కథలో నాయిక కేయికోకి 36 ఏళ్లు, అందులో 18 ఏళ్లు అదే కొట్లో గడిచాయి. పెళ్లి మీద ధ్యాస లేదు, ఇంకో ఉద్యోగం అక్కర్లేదు. ఒనిగిరి (జపాన్ అన్నం ముద్దలు) సర్దుతూ ఉంటుంది. వెనకాల ఎవరి జేబులోనో చిల్లర గలగలమంటే చాలు, సిగరెట్లకో పేపరుకో వచ్చుంటాడని గబగబా కౌంటర్ దగ్గరికి వెళ్తుంది. మొదట్లోనే వచ్చే ఈ ముక్క పైకి చదవాలి. ఎవరు చదువుతారు?

నా టెన్షన్ ఒక్కటే. చర్చ ‘పాపం, ఓ సంబంధం చూసి పెళ్లి చేసేస్తే పోయేది’ అన్న దగ్గర ఆగిపోకూడదు. కథలో ఆమె చుట్టూ ఉన్నవాళ్ల గోలా అదే. ఇంకా పార్ట్‌టైమేనా అని ఎవరైనా అడిగితే, ఒంట్లో అంత బాగుండదని చెప్పమని చెల్లెలే సాకు నేర్పుతుంది. అక్కడ కాసేపు ఆగుదాం. ఇంటి నుంచి ఫోనొస్తే మనం చెప్పే సాకులూ బయటికొస్తాయి.

కిచెన్ టీమ్: అన్నా, హాల్లో స్టవ్ వెలిగించనివ్వరు. పులిహోర ఇంట్లోనే కలిపి తెస్తాం. చెత్త ఎవరిది వాళ్లే ఇంటికి పట్టుకెళ్లాలి, ముందే చెప్పేయండి.

కొత్తగా చేరిన స్టూడెంట్: ఆ ముక్క నేను చదువుతా అన్నా. నాది కోన్బినిలో, అదే కన్వీనియన్స్ స్టోర్‌లో, నైట్ షిఫ్టే. ఒనిగిరి కూడా తేనా?

కిచెన్ టీమ్: తే తమ్ముడూ, కానీ లేబుల్ చూసి తే. ఉమె (ఊరబెట్టిన పుల్లటి పండు) పెట్టినవాటిలోనూ ఒక్కోసారి చేప పొడి కలుపుతారు. మా అత్తగారు కూడా వస్తున్నారు.

రిజిస్ట్రేషన్ చూసే అక్క: ఆ కేయికో హాయిగా ఉందంటే మాత్రం నేను ఒప్పుకోను. కొట్టు మాన్యువల్ లేకపోతే అడుగు వెయ్యలేని మనిషికి హాయేంటి?

అదే మాట హాల్లో అనండక్కా, ఇక్కడే తేల్చేస్తే ఎలా? కుర్చీలు వేసి, మళ్లీ తీసి సర్దడానికి ఇంకో ఇద్దరు కావాలి. పేరు ఇవ్వండి.