హట్ రివర్ వెండి నాణెం 4,500 పెట్టి కొనొచ్చా?

చిత్తూరు చిల్లర: తిరుపతి గాంధీ రోడ్డులో ఒకాయన దగ్గర హట్ రివర్ ప్రావిన్స్ వెండి నాణెం ఉంది, 4,500 అంటున్నాడు. నిజంగా వెండేనా? ఆ రేటు ఎక్కువా? ఆల్బమ్‌లో ఆస్ట్రేలియా పక్కన పెట్టాలా, విడిగానా?

పాకాల జంక్షన్: గోధుమ కోటా గొడవతో 1970లో ఆస్ట్రేలియా నుంచి విడిపోయామన్న కాస్లీ అనే రైతు పొలమే కదా అది. 2020లో పన్ను బాకీ కింద పొలం అమ్ముకోవాల్సొచ్చి దేశమే మూతపడింది. ఇక దొరకవు అని రేటు పెంచుతారు, నమ్మొద్దు. అలాంటిదే ఇంకో సొంత దేశం, సీలండ్ డాలర్ అని నేను ఆన్‌లైన్‌లో తెప్పించింది కంసాలి గీసి చూస్తే లోపల ఇత్తడి, అమ్మినోడు ఇప్పటికీ ఫోనెత్తడు. ఊరికే తూచి, నీళ్లలో వేలాడదీసి తూచి లెక్కేయి, సాంద్రత 10.3, 10.5 మధ్య రాకపోతే లేచి వచ్చేయ్.

పుత్తూరు మాస్టారు: ఇవన్నీ పిల్లల ఆటలు. ఇంగ్లండ్ పక్కన లండీ ద్వీపం ఓనర్ హార్మన్ 1929లో తన బొమ్మతో పఫిన్, అరపఫిన్ అని నాణేలు కొట్టిస్తే ఇంగ్లండ్ కోర్టు 5 పౌండ్లు జరిమానా వేసింది. నా దగ్గర రెండూ ఉన్నాయి. మాల్టా ఆర్డర్ అనే క్యాథలిక్ సంస్థ నాణెం స్కూడో కూడా.

అలిపిరి మెట్లు: మాస్టారూ, మాల్టా ఆర్డర్‌ను ఇందులో కలిపేశారేంటి? వందకు పైగా దేశాలతో దౌత్య సంబంధాలున్నాయి, ఐక్యరాజ్యసమితిలో పరిశీలక హోదా ఉంది.

పుత్తూరు మాస్టారు: భూమి ఏది నాయనా? ఆ స్కూడో ఇస్తే రోమ్‌లో కాఫీ పోస్తారా?

అలిపిరి మెట్లు: కాఫీకీ హోదాకీ ఏం సంబంధం సార్? సముద్రంలో రెండు స్తంభాల మీదున్న యుద్ధకాలం కోట సీలండ్‌ను, దాన్నీ ఒకే గాటన కడతారా?

పుత్తూరు మాస్టారు: నువ్వు పుట్టకముందు నుంచి కేటలాగులు తిరగేస్తున్నా. నాకు పాఠాలొద్దు.

మదనపల్లె టమోటా: మొలోసియా ఎవరికీ గుర్తు రాలేదా, నెవాడాలో ఇంటి స్థలమే దేశం, పేకాట చిప్స్ నాణేలు, విలువేమో కుకీ పిండితో ముడేశారు 😂 నిత్యానంద కైలాస కూడా 2020 వినాయక చవితికి బంగారు నాణేలు ప్రకటించింది, ఎవరైనా చేత్తో పట్టుకుని చూశారా?

పాకాల జంక్షన్: సాముల టాపిక్ వద్దు సామీ, అడ్మిన్ లాక్ చేస్తాడు.

కాళహస్తి కుర్రోడు: అన్నలూ, నా దగ్గర వైష్ణోదేవి 5 రూపాయల బిళ్ల ఉంది, యూట్యూబ్‌లో లక్షలంటున్నారు, ఎవరికి అమ్మాలి?

అలిపిరి మెట్లు: 5 రూపాయలకు అంగట్లో ఇచ్చేయ్. మాస్టారూ, మీ పఫిన్లు 1929వేనా, 1965లో కలెక్టర్ల కోసం మళ్లీ కొట్టినవా? ఏడాది కనబడేలా ఫొటో పెట్టండి.

పుత్తూరు మాస్టారు: బ్యాంకు లాకర్‌లో ఉన్నాయి.