పాత సినిమా ప్రొజెక్టర్‌కి చక్రాల బండి: ఎంత గట్టిగా ఉండాలి?

ప్రశ్న (బరంపురం): 35 ఎంఎం ప్రొజెక్టర్, స్టాండుతో సుమారు 180 కిలోలు. గచ్చు మీద తిప్పాలి, మధ్యలో గడప ఒకటుంది. ఒక్కోటి 50 కిలోలు మోసే చక్రాలు నాలుగేస్తే చాలా?

జవాబు (పర్లాకిమిడి): చాలవు అన్నా. నేల ఎక్కడా సమంగా ఉండదు, బరువు మూడు చక్రాల మీదే పడుతుంది. బండి 30 కిలోలు కలిపి 210ని మూడుతో భాగిస్తే 70. గడప దెబ్బ కూడా చూసుకుని ఒక్కోటి 150 కిలోలు మోసేది తీసుకోండి. 5 అంగుళాల పాలీయురేథేన్ చక్రాలు మేలు. మెత్తని రబ్బరు నెలలకొద్దీ కదలకుంటే ఒకవైపు చదునైపోతుంది. రెండు చక్రాలు పక్కలకి మళ్లేవి బ్రేకుతో, రెండు మళ్లకుండా నేరుగా పోయేవి వేయండి.

జవాబు (రాయగడ): ప్రొజెక్టర్‌కి బరువంతా పైనే, అసలు ప్రమాదం అక్కడుంది. పక్కలకి మళ్లే చక్రం లోపలికి తిరిగితే ఆధారం ఇంకా ఇరుకవుతుంది. అందుకే ఫ్రేము స్టాండు కంటే ప్రతి వైపు కనీసం 15 సెంటీమీటర్లు వెడల్పు పెట్టండి, ఎత్తు వీలైనంత తగ్గించండి. ఫ్రేముకి 40×40 ఎంఎం చదరపు పైపు, 3 ఎంఎం మందం. ముందు చుక్క వెల్డింగ్ (అక్కడక్కడా చిన్న అతుకులు) చేసి, ఎదురెదురు మూలల మధ్య ఏటవాలు కొలతలు రెండూ సమానమో కాదో చూడాలి. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్, లేకుంటే వేడికి ఫ్రేము మెలిపడి ఒక చక్రం గాల్లో ఉంటుంది. చక్రాల ప్లేట్లను మాత్రం వెల్డింగ్ చేయొద్దు, బేరింగు గ్రీజు కాలిపోతుంది. 10 ఎంఎం బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగుతో వదులవ్వనివి) వాడండి.

ప్రశ్న (బరంపురం): మరి గడప సంగతి?

జవాబు (పర్లాకిమిడి): రెండు వైపులా వాలు చెక్కలు వేయండి, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. స్టాండుని ఫ్రేముకి బోల్టులతో బిగించాకే కదపండి. తోసేటప్పుడు చెయ్యి కిందివైపే ఉండాలి, పైన పట్టి తోస్తే ఒరిగిపోతుంది. మీది సముద్రగాలి కాబట్టి రంగుకి ముందు జింక్ ప్రైమర్ తప్పదు.