రొయ్యల ప్లాంటులో వేలిముద్ర హాజరు: ఉండాలా, పోవాలా?

పెన్నా గట్టు (నెల్లూరు):
మా అక్క ఇక్కడికి దగ్గర్లో ఒక ప్లాంటులో రొయ్యల తలలు తీసే పనికి పోతుంది. పొద్దున లోపలికి పోయేటప్పుడు మిషను బాగానే తీసుకుంటుంది, సాయంత్రం బయటికొచ్చేటప్పుడు మాత్రం ఎన్నిసార్లు వేలు పెట్టినా ఎర్ర లైటే. రోజంతా ఐసు నీళ్లలో పెట్టిన చేతులు, నానేసిన శనగల్లా ముడతలు పడిపోయి ఉంటాయి కదా. ఈ రెండు వారాల్లో మూడు రోజులు అట్లా 'అవుట్ పంచ్ లేదు' అని సగం కూలి కోశారు. అడిగితే సూపర్‌వైజరు "నా చేతిలో ఏముందమ్మా, సిస్టం" అన్నాడంట. అసలు ఈ వేలిముద్ర హాజరు ఉండాలంటారా?

మేస్త్రి గారబ్బాయి (కందుకూరు):
ఉండాలి అన్నా. మస్టరు పుస్తకం రోజులు మర్చిపోయారా? మా నాన్న కూలీల మేస్త్రి, ఇంటి గుట్టే చెబుతున్నా అనుకోండి. ముప్పై మంది వస్తే నలభై పేర్లు రాసేవాళ్లు, ఆ పది మంది కూలి ఎవరి జేబులోకి పోయేదో నేను చెప్పక్కర్లేదు. కార్డులిస్తే ఒకరే ఐదు గీకుతారు. వేలైతే అప్పివ్వలేరుగా.

రాతి దుమ్ము (చీమకుర్తి):
అప్పివ్వలేరు సరే, మా దగ్గర సొంత వేలే పనికిరాదు. గ్రానైట్ పాలిషింగ్‌లో పదేళ్లు చేసినవాళ్ల వేళ్లు చూడండి, గీతలు అరిగిపోయి నున్నగా ఉంటాయి. పండక్కి రెండు మూడు వారాలు ఇంటి దగ్గరుంటే కాస్త తేలతాయి, పనిలోకి రాగానే మళ్లీ మామూలే. ఒకప్పుడు వేలిముద్రగాడు అంటే తిట్టు. ఇప్పుడు ఎంటెక్ చదివినోడూ వేలిముద్రే, మేం అది కూడా వేయలేని వాళ్లమయ్యాం.

బిగించేవాణ్ణి (ఒంగోలు):
నేను ఈ మిషన్లు బిగించే పనిలోనే ఉన్నా. ఇవి ఎక్కువగా వేలి బొమ్మను దాచుకోవు, గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తుల్ని అంకెలుగా మార్చి పెట్టుకుంటాయి. కొత్తగా పెట్టిన వేలు వాటితో ఎంతవరకు కలిస్తే ఒప్పుకోవాలో మనమే సెట్ చేయాలి. మరీ బిగిస్తే సొంత మనిషినే కాదంటుంది, వదిలేస్తే పక్కవాణ్ణీ రానిస్తుంది. చాలా చోట్ల పెట్టెలోంచి తీసింది తీసినట్టు గోడకి కొట్టి వెళ్లిపోతారు.

తమ్ముడూ, సిస్టం అన్నది వంక. ఒక్కొక్కరికి రెండు మూడు వేళ్లు ఎక్కించొచ్చు, పిన్ నంబరు ఇవ్వొచ్చు. నేను ప్రతిసారీ అడుగుతా. "వద్దులే, మళ్లీ దొంగ హాజర్లు మొదలవుతాయి" అంటారు ఓనర్లు.

కోర్టు మెట్లు (కావలి):
ఆ అంకెలు ఎవరి కంప్యూటర్లో ఉన్నాయో ఎవరైనా అడిగారా? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. 2015లో బయటపడిన దొంగతనంలో అమెరికా ప్రభుత్వ సిబ్బంది శాఖ నుంచే 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. ఇక్కడ 2018 ఆధార్ తీర్పులో, ప్రైవేటు కంపెనీలు ఒప్పందం పేరుతో ఆధార్ వాడుకునే వీలును సుప్రీంకోర్టు కొట్టేసింది. కంపెనీ సొంతంగా పెట్టుకున్న మిషను సంగతి వేరు. 2023 డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి అడగక్కర్లేదన్న వెసులుబాటు కూడా పెట్టారు.

మేస్త్రి గారబ్బాయి:
ఊరికే భయపెట్టకండి సార్. ఫోను తెరవడానికి రోజుకి వందసార్లు వేలు పెడతాం కదా?

కోర్టు మెట్లు:
ఫోనులో పెట్టింది ఫోనులోనే ఉంటుంది అబ్బయ్యా. నచ్చకపోతే పిన్ పెట్టుకుంటావ్. గేటు దగ్గర ఆ అక్కకి ఆ మాట ఎవరన్నా చెప్పారా?

మేస్త్రి గారబ్బాయి:
సరే, అదొక్కటి ఒప్పుకుంటా. మిషను చదవకపోతే కూలి కోయడం తప్పే. కానీ మిషను మాత్రం తీయొద్దు.

పెన్నా గట్టు:
గేటు దగ్గర కెమెరా ఉంది. ఆ మూడు రోజులు అక్క ఎన్నింటికి బయటికొచ్చిందో అందులో ఉంటుంది కదా. ఒంగోలు అన్నా, ఆ వీడియో ఎన్నాళ్లు ఉంటుంది?

బిగించేవాణ్ణి:
హార్డ్ డిస్క్ ఎంతుంటే అంత. చాలా చోట్ల పదిహేను రోజులకి పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. రేపు పొద్దున్నే వెళ్లు తమ్ముడూ.