సమస్య: “వేయనట్టి వలకుఁ బీత చిక్కె”

గౌతమీతీరం (నిర్వాహకులు): ఆటవెలది నాలుగో పాదం ఇది, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం సముద్రం అడుగున చేరిన చెత్త. వల వేయకుండా పీత ఎలా చిక్కిందో చెప్పండి.

భైరవపాలెం పడవ:

పడవ నుండి తెగిన వలముక్క యొక్కటి
మునిగి కడలినేల ముద్దగట్టెఁ
జిక్కి చచ్చు చేపఁ జీల్చఁగా వచ్చుచు
వేయనట్టి వలకుఁ బీత చిక్కె

అమలాపురం మాస్టారు: ధార బాగుందండి. “చీల్చఁగా” అనడంలో పీత గోళ్లు కనబడ్డాయి. నైలాను సాంద్రత నీటికి 1.14 రెట్లు, తెగితే మునగాల్సిందే. మునిగాక కూడా వేట మానదు. చిక్కి చచ్చిన చేపే ఎరై ఇంకోదాన్ని రప్పిస్తుంది, మీ మూడో పాదం అక్షరాలా నిజం. కానీ సమస్య విడలేదు. తెగిన వల ఒకప్పుడు వేసిందే కదండీ!

భైరవపాలెం పడవ: నిజమే మాస్టారూ. వేటకెళ్లేవాళ్లకి కనబడేది తెగిన వలే, మనసు అటే పోయింది.

లంకవాసి:

గట్టుమీఁద వలనుఁ గట్టగా నుంచఁగా
వరద వచ్చి లాగి వార్ధిఁ జేర్చె
విప్పలేదు దాని వేఁటకు నొక్కఁడు
వేయనట్టి వలకుఁ బీత చిక్కె

2022 జూలై వరదకి మా లంకలో చుట్టిపెట్టినవేవీ మిగల్లేదండి. అన్నీ ఏటిపాలే.

అమలాపురం మాస్టారు: “విప్పలేదు” అన్న ఒక్క మాటతో ముడి విడింది! సముద్రంలో చెత్త అనగానే పడవల్నే తలుచుకుంటాం. అందులో ఎక్కువ భాగం నేలమీంచి వెళ్లేదే. ఆ దారి ఈ పద్యంలో ఉంది.

కోరంగి మడ: మొదటిసారి రాస్తున్నానండి.

సంతలోనఁ గొన్న సంచి కాలువఁ బడి
పాయవెంట నడచి మొగను జేరె
నాచు పట్టి మునిఁగె నత్తలు బరువుగా
వేయనట్టి వలకుఁ బీత చిక్కె

అమలాపురం మాస్టారు: సంచినే వల చేశావు, భేష్! రెండో పాదంలో పా–మొ యతి చెల్లదమ్మా. “మురుగుతోడఁ గలిసి మొగను (ఏరు సముద్రంలో కలిసేచోటు) జేరె” అను. యతీ కుదురుతుంది, ఊరి డ్రెయినూ పద్యంలోకొస్తుంది. ధవళేశ్వరం దిగువన మన ఊళ్ల మురుగంతా చివరికి పోయేది సముద్రానికే.

కోరంగి మడ: అలాగే మారుస్తానండి. పాలిథీన్ తేలుతుంది కదా, మునిగిందనడం తప్పా?

గౌతమీతీరం: తప్పు కాదండి. కొత్తలో తేలినా నాచూ గుల్లలూ పట్టి బరువెక్కితే దిగిపోతుంది. 1998లో జపాన్‌వాళ్ల యంత్రం పసిఫిక్‌లోని మేరియానా అగాధంలో, 10,898 మీటర్ల లోతున, ప్లాస్టిక్ సంచిని చిత్రీకరించింది. నీళ్లసీసాకైతే నాచు కూడా అక్కర్లేదు, దాని ప్లాస్టిక్ సాంద్రత 1.38. మూత ఊడి నీరు నిండితే చాలు.

లంకవాసి గారి పూరణ, సవరణతో కోరంగి మడ గారిదీ తీసుకుంటున్నాం. భైరవపాలెం వారు “వేయనట్టి”కి దారి చూసి మళ్లీ పంపండి, ఆ మూడో పాదాన్ని మాత్రం వదులుకోవద్దు.