జీపు స్టార్ట్ అవుతుందా, అవదా? సర్వైవల్ నవలలు చదివేవాళ్ళు చెప్పండి

బూడిదవాన
రాత్రి 1:52

నమస్తే అందరికీ. తొమ్మిదింటికి కూచున్నాను, రెండు కావస్తోంది, ఒక్క పేరా కదల్లేదు. రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం. తల పగిలిపోతోంది.

లోకం కూలిపోయాక నడిచే నా సర్వైవల్ నవలని సొంతంగా ఈ-బుక్ వేసుకుని రెండు నెలలైంది. మొదట వచ్చిన రివ్యూలు బాగున్నాయి (సగం మావాళ్ళవే, దాచడం దేనికి). పోయిన వారం ఒకాయన రెండు స్టార్లు ఇచ్చి ఒకే ఒక్క వాక్యం రాశారు: ‘జీపు స్టార్ట్ అయిన చోట పుస్తకం మూసేశాను.’ దాని కింద ఇద్దరు ‘నేనూ అక్కడే’ అన్నారు. ఎందుకో చెప్పరు! ఇంకొకరికేమో పుస్తకం మొత్తంలో నచ్చిందే ఆ సీనట.

సీన్ ఇది. హీరో ఒక పాడుబడ్డ షెడ్డులో దూరతాడు. టార్పాలిన్ లాగితే కింద జీపు. తాళం దానికే ఉంటుంది. తిప్పుతాడు, దగ్గుతుంది, మూడోసారికి అందుకుంటుంది. వెనక కుక్కల గుంపు తరుముకొస్తుంటుంది. టెన్షన్ బాగా కుదిరింది అనుకున్నాను. ఇందులో తప్పేముంది? సూటిగా చెప్పండి. రెండో భాగం అంతా ఈ జీపు మీదే నడుస్తుంది.

అచ్చుతప్పు
ఉదయం 6:10

జీపు సంగతి నాకు తెలియదు గానీ, సొంత ప్రచురణల మాట వచ్చింది కాబట్టి నా బాధ చెప్పుకుంటాను. పాఠకుడు జీపు దగ్గర మూసేశాడంటే అప్పటికే విసిగిపోయి ఉంటాడు, జీపు ఒక సాకు. ఈమధ్య చదివిన ఒక సొంత ప్రచురణలో హీరోయిన్‌కి కుడిచేతికి దెబ్బ తగిలింది, ఇరవై పేజీల తర్వాత కట్టు ఎడమచేతికి ఉంది. మూడో అధ్యాయంలో పూడ్చిపెట్టిన పొరుగాయన పదో అధ్యాయంలో వచ్చి మంచినీళ్ళు అడిగాడు. ఇది దెయ్యాల కథేమో అని చివరిదాకా చూశాను, కాదు.

ఇక ఒత్తుల సంగతి చెప్పక్కర్లేదు. ఫాంటు మార్చేటప్పుడు సగం ఎగిరిపోతాయి, ఎవరూ చూసుకోరు. ‘రక్తం’ కాస్తా ‘రకం’ అయింది ఒక చోట. ‘అతని చొక్కా నిండా రకం.’ లోకం తగలబడిపోతోంది, నేను నవ్వుకుంటున్నాను. రాసినవాడికి తన తప్పు కనపడదు, ఎందుకంటే వాడు చదవడు, గుర్తు తెచ్చుకుంటాడు. కాగితం మీద ప్రింట్ తీసి బయటికి చదవండి. తర్వాత మీరంటే పెద్దగా ఇష్టం లేని మనిషికి ఇవ్వండి. ఇష్టం ఉన్నవాళ్ళు తప్పులు దాటేస్తారు.

నట్టుబోల్టు
ఉదయం 6:31

ఎన్నేళ్ళ తర్వాత? పెట్రోలా, డీజిలా?

పాతపాఠకురాలు
ఉదయం 7:05

ఇలాంటి ప్రళయానంతర కథలు అరవై దాకా చదివి ఉంటాను, ముప్పావు వంతు సొంతంగా వేసుకున్నవే. కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

వీటిలో హీరో ఎప్పుడూ మాజీ సైనికుడే. భార్య మొదటి అధ్యాయంలో పోతుంది, పోకపోతే విడాకులు అయిపోయి ఉంటాయి. తుపాకీ పేరు, గుండు కొలత, బ్యాగులో ఉన్న ముప్పై వస్తువుల జాబితా రెండు పేజీలు. ఆ బ్యాగు మోసే మనిషికి మాత్రం పన్ను నొప్పి రాదు, కళ్ళజోడు పగలదు, నెలసరి అనేది లోకంతో పాటే ఆగిపోయినట్టుంటుంది. ఇక మొదటి భాగం ఉచితం, అది సరిగ్గా తలుపు తట్టిన చప్పుడుతో ఆగిపోతుంది. ఎవరు తట్టారో తెలియాలంటే ఇంకో ఆరు భాగాలు కొనాలి.

అయినా ఎందుకు చదువుతానంటే, వీళ్ళకి తొందర లేదు. బురద నీళ్ళు తాగేలా చేయడం గురించి ఒకామె పన్నెండు పేజీలు రాసింది. ముందు గుడ్డలో వడకట్టడం, తేరనివ్వడం, తర్వాత ఒక నిమిషం తెర్లేలా కాచడం, ఎత్తైన కొండల మీదైతే మూడు నిమిషాలు. పెద్ద ప్రచురణకర్త అయితే అది కత్తిరించేవాడు. నాకు పుస్తకంలో నచ్చింది ఆ పన్నెండు పేజీలే.

కానీ అంత వివరంగా రాసేవాళ్ళు తప్పు రాస్తే మాత్రం మింగుడుపడదు. అణుబాంబు పడ్డాక అయోడిన్ మాత్ర వేసుకుని హాయిగా బయట తిరుగుతుంటారు. ఆ మాత్ర కాపాడేది ఒక్క థైరాయిడ్‌ని, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే. బయట పడిన ధూళి సంగతి దానికి పట్టదు. ఇంకొకరు దానికి తలకిందులుగా, ఇరవై ఏళ్ళు బంకర్‌లోంచి తల బయట పెట్టనివ్వరు. ధూళి తీవ్రత కాలం ఏడు రెట్లు అయ్యేసరికి పదో వంతుకి పడిపోతుందని ఒక మోటు లెక్క ఉంది. బాంబు పేలిన గంటకి ఉన్నది ఏడు గంటలకి పదో వంతు, రెండు రోజులకి నూరో వంతు, రెండు వారాలకి వెయ్యో వంతు. ఆ రెండు వారాలు ఇరుకు గదిలో నలుగురు మనుషుల మధ్య ఏం జరుగుతుందో రాస్తే చాలు, నవల అదే.

మీ సీన్‌లో నాకు అడ్డుపడింది ఇంజన్ కాదండీ. తాళం దానికే ఉండటం.

నిఘంటువు
ఉదయం 8:40

ఒక చిన్న మనవి. ‘ప్రళయానంతర’ అనే మాట తప్పు. భాగవతం చెప్పిన ప్రళయాలు నాలుగు: నిత్య, నైమిత్తిక, ప్రాకృతిక, ఆత్యంతిక. మీరంతా అనుకునే పెద్ద ప్రళయంలో లోకాలే లయమైపోతాయి. ఆ తర్వాత జీపు ఎక్కడిది, హీరో ఎక్కడివాడు? ‘యుగాంతం’ కూడా కుదరదు, యుగాంతం అంటే లోకం ముగియడం కాదు, యుగం మారడం. ‘డిస్టోపియా’ అంటారు కొందరు, అది అసలే వేరు. అక్కడ ప్రభుత్వం కూలిపోలేదు, మరీ ఎక్కువగా ఉంది.

పాతపాఠకురాలు
ఉదయం 8:52

మరి మత్స్యావతారంలో సత్యవ్రతుడు ఓషధులు, విత్తనాలు, సప్తర్షులతో నావెక్కి దాటిపోలేదా? అది ప్రళయమే, అవతలి ఒడ్డు కూడా ఉంది. పైగా సామాన్ల జాబితా ఆ కథలోనే మొదలైంది, మావాళ్ళ తప్పు లేదు.

నిఘంటువు
ఉదయం 9:03

అది నైమిత్తికం, బ్రహ్మ నిద్రపోయినప్పుడు వచ్చేది. నేను అన్నీ లయమైపోయే ప్రాకృతిక ప్రళయం గురించి మాట్లాడుతున్నాను.

నట్టుబోల్టు
ఉదయం 9:04

పెట్రోలా, డీజిలా?

కొత్తగా_వచ్చా
ఉదయం 9:30

సొంత ప్రచురణ అంటేనే చెత్త అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారా? హ్యూ హౌవీ అనే అమెరికన్ రచయిత ‘ఊల్’ని 2011లో సొంతంగానే, ఒక చిన్న కథగా వేసుకున్నారు. పాఠకులు అడిగితేనే మిగతా భాగాలు రాశారు. తర్వాత అచ్చు హక్కులు పెద్ద సంస్థకి ఇచ్చినా ఈ-బుక్ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు.

అచ్చుతప్పు
ఉదయం 9:41

చెత్త అని నేను అనలేదు. ప్రూఫ్ చూసుకోమన్నాను. లాటరీ తగిలిన ఒకరిని చూపించి అందర్నీ టికెట్ కొనమంటే ఎలా?

బూడిదవాన
మధ్యాహ్నం 12:15

అయ్యా, నేను అడిగింది జీపు గురించి. ప్రళయాలు ఎన్నో తర్వాత లెక్కపెట్టుకుందాం, దయచేసి.

నట్టుబోల్టు గారూ, పెట్రోలే అనుకుంటున్నాను, రాసేటప్పుడు ఆలోచించలేదు. ఎన్నేళ్ళు అనేది మొదటి అధ్యాయంలోనే స్పష్టంగా ఉంది కదా.

నట్టుబోల్టు
మధ్యాహ్నం 12:22

మీ మొదటి అధ్యాయం మేం చదవలేదు. సరే, వినండి.

పెట్రోల్ నిల్వ ఉంటే అందులోని తేలిక భాగం ముందు ఆవిరైపోతుంది. చల్లటి ఇంజన్ అందుకోవడానికి కావలసింది అదే. మిగిలింది గాలి తగిలి జిగురు కడుతుంది, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌లో సన్నటి దారులు పూడిపోతాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే తేమ లాక్కుంటుంది, నీళ్ళు అడుగుకి దిగి ఇంజన్‌లోకి ముందు అవే వెళ్తాయి. మూత బిగించిన డబ్బాలో ఆరు నెలలు, చల్లటి చోట జాగ్రత్తగా పెడితే ఏడాది. పెట్రోల్ త్వరగా పాడవకుండా చేసే స్టెబిలైజర్ కలిపితే ఇంకో ఏడాది లాగొచ్చు. బండి ట్యాంకులో ఇంకా తక్కువ.

డీజిల్ కాస్త నయం. కానీ అడుగున నీరు చేరితే అందులో సూక్ష్మజీవులు పెరిగి బురదలా తయారవుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఇవన్నీ రెండో సంగతి. ముందు బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే కూచున్నా నెలనెలా కొంత దిగిపోతుంది. పూర్తిగా దిగి అలాగే పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ ఛార్జ్ ఎక్కదు. మీ జీపు ‘దగ్గింది’ అన్నారే, ఆ దగ్గడానికే కరెంటు కావాలి. ఏడాది దాటితే తాళం తిప్పినా చప్పుడు ఉండదు. ఆ రివ్యూ రాసినాయనకి బండి పని తెలిసుంటుంది, అందుకే మూసేశాడు.

ఇంతకీ ఎన్నేళ్ళు?

బూడిదవాన
మధ్యాహ్నం 12:40

పదకొండు.

నట్టుబోల్టు
మధ్యాహ్నం 12:41

పదకొండా!

కొత్తగా_వచ్చా
మధ్యాహ్నం 12:58

😂 నేను ఆర్నెల్లేమో అనుకుంటున్నాను ఇప్పటిదాకా.

పాతపాఠకురాలు
మధ్యాహ్నం 1:20

నవ్వకండి పాపం. పదకొండేళ్ళే మంచిది, పిల్లలు పెరిగి ఉంటారు, పాత లోకం గుర్తులేనివాళ్ళు ఉంటారు. కానీ అప్పుడు జీపు అనేది దొరికే వస్తువు కాదు, ఎవరో ఇన్నేళ్ళూ కాపాడిన వస్తువు అవుతుంది. ఎవరు? ఆ మనిషి ఏడి? నేనైతే ఆ షెడ్డులోకి వెళ్ళగానే అదే అడుగుతాను. మీ హీరో అడగలేదు, నాకు కోపం వచ్చింది.

నట్టుబోల్టు
మధ్యాహ్నం 1:35

జీపే కావాలంటే దారులున్నాయి. గ్యాస్ సిలిండర్‌లో ఎల్‌పీజీ పాడవదు, వాల్వు, సీలు బాగుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, దానికి తగ్గట్టు ఇంజన్ మార్చి ఉండాలి అంతే. లేదా ఎలక్ట్రానిక్స్ లేని పాతకాలం డీజిల్ ఇంజన్ పెట్టండి. వాలులో వదిలితే బ్యాటరీ లేకుండానే అందుకుంటుంది, వడకట్టిన వంటనూనె పోసినా ఏదోలా నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు.

అన్నిటికంటే మంచిది కట్టెల గ్యాస్. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్ దొరక్క యూరప్‌లో లక్షల బండ్లు అలాగే నడిచాయి. బండి వెనక ఒక పెద్ద డ్రమ్ము, అందులో చెక్కముక్కలు సగం సగం కాలుతుంటే వచ్చే గ్యాస్‌ని చల్లబరిచి, వడపోసి ఇంజన్‌లోకి పంపిస్తారు. మామూలు పెట్రోల్ ఇంజనే. బలం మూడో వంతుకి పైగా తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఏడుస్తుంది, కానీ కదులుతుంది.

బూడిదవాన
మధ్యాహ్నం 2:10

అద్భుతం! ఇదే పెడతాను. హీరో వెళ్ళి డ్రమ్ము వెలిగించి దూసుకుపోతాడు.

నట్టుబోల్టు
మధ్యాహ్నం 2:14

దూసుకుపోడు. రాజేసి, మంచి గ్యాస్ పుట్టి ఇంజన్ అందుకోవడానికి పది నిమిషాలైనా పడుతుంది. అప్పటిదాకా కుక్కలు ఆగుతాయా? పైగా ఆ గ్యాస్‌లో మండేది చాలావరకు కార్బన్ మోనాక్సైడే. షెడ్డు తలుపులు మూసుకుని రాజేస్తే కుక్కల కన్నా ముందు అది పని పూర్తి చేస్తుంది.

పాతపాఠకురాలు
మధ్యాహ్నం 2:30

అయ్యో, అదే కదండీ సీన్! తలుపు తీస్తే కుక్కలు, మూస్తే పొగ. పది నిమిషాలు. ఇంతకంటే ఏం కావాలి మీకు?

నిఘంటువు
మధ్యాహ్నం 2:45

పొగ కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

పాతపాఠకురాలు
మధ్యాహ్నం 2:47

కట్టెలు రాజేస్తే పొగ కూడా వస్తుంది.

బూడిదవాన
మధ్యాహ్నం 3:30

ఇంకో చిక్కు. మొదటి భాగం చివర్లో హీరో ఆ జీపుకి ఆరు డ్రమ్ముల పెట్రోల్ కూడా సంపాదిస్తాడు. అది అమ్ముడుపోయిన పుస్తకం కదా. ఫైలు మార్చి పెడితే పాతవాళ్ళకి కూడా మారుతుందా? ఆ రెండు స్టార్లు పోతాయా?

కొత్తగా_వచ్చా
మధ్యాహ్నం 3:52

కొత్తగా కొనేవాళ్ళకి కొత్త ఫైలు వెళ్తుంది. పాతవాళ్ళకి వాళ్ళ సెట్టింగ్స్‌ని బట్టి, చాలామంది దగ్గర పాతదే ఉండిపోతుంది. రివ్యూ ఎక్కడికీ పోదు. జవాబు రాసి గొడవ మాత్రం పెట్టుకోకండి, నేను పెట్టుకున్నాను ఒకసారి, రెండు స్టార్లు ఒకటి అయింది.

అచ్చుతప్పు
సాయంత్రం 5:05

ఫైలు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి ఒత్తులు కూడా చూసుకోండి. ఆ పని ఇప్పుడు చేయకపోతే ఇంకెప్పుడూ చేయరు.

పాతపాఠకురాలు
సాయంత్రం 5:40

డ్రమ్ములు ఉంచేయండి. రెండో భాగంలో ఆ పెట్రోల్ పనికిరాదని తెలియనివ్వండి. వాటి కోసం మొదటి భాగంలో ఎవరైనా చచ్చిపోయారా?

బూడిదవాన
సాయంత్రం 5:58

ఇద్దరు.

పాతపాఠకురాలు
సాయంత్రం 6:01

ఇంకేం మరి, ఆ ఇద్దరూ దేనికి పోయారో హీరో మోయాలి ఇప్పుడు. ఇది రాస్తే నేను డబ్బు పెట్టి కొంటాను, నిజంగా.

నిఘంటువు
రాత్రి 9:15

‘విలయానంతర’ అంటే ఎలా ఉంటుందంటారు?

(నాలుగు రోజుల తర్వాత)

బూడిదవాన
రాత్రి 11:20

జీపు తీసేశాను, డ్రమ్ములు కూడా తీసేశాను. ఇప్పుడు షెడ్డులో సైకిల్ ఉంటుంది, ఎక్కి తొక్కేస్తాడు. కొత్త ఫైలు పెట్టేశాను. అందరికీ థాంక్స్.

నట్టుబోల్టు
రాత్రి 11:26

పదకొండేళ్ళ టైర్లా?