‘ముగురాడవార మైతిమి’యా, ‘ముగురాడవార లైతిరి’యా? హాకీ అభిమానుల ఎగతాళి దగ్గర తగిలిన చిక్కు

మంచురేవు:
వాంకూవర్‌లోని తెలుగువారి కోసం ఐస్ హాకీ మీద ఒక వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఈ ఊరి జట్టు కనక్స్‌కు ఏళ్ళ తరబడి వెన్నెముకగా నిలిచిన స్వీడన్ కవలలు డానియల్ సెడిన్, హెన్రిక్ సెడిన్‌లను ఎదుటి జట్ల అభిమానులు ‘సెడిన్ సిస్టర్స్’ అని వెక్కిరించేవారు. ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకు దక్కే స్టాన్లీ కప్ 2011 ఫైనల్ రోజుల్లో టీవీ వ్యాఖ్యాత మైక్ మిల్‌బరీ ఇంకో అడుగు ముందుకు వేసి, వారిద్దరినీ ఒక హాలీవుడ్ చిత్రంలోని ఇద్దరు స్త్రీ పాత్రల పేర్లతో పిలిచాడు. అదే ఫైనల్ ఆరో ఆటలో బోస్టన్ ఆటగాడు బ్రాడ్ మార్షాండ్ డానియల్ తల మీద వరుసగా గుద్దుతూ ఉంటే డానియల్ తిరిగి చెయ్యి ఎత్తలేదు. ఎందుకు కొట్టావని అడిగిన విలేకరులకు, కొట్టాలనిపించింది కాబట్టి కొట్టానన్న అర్థంలో మార్షాండ్ జవాబిచ్చాడు. అయినా ఆడదన్న పేరు దెబ్బలు తిన్నవాడికే వచ్చింది.

ఇది రాస్తుండగా యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన నెల్లూరు దండనాథుడు ఖడ్గతిక్కనతో భార్య చానమ్మ అన్న కందపద్యం గుర్తుకు వచ్చింది. ‘పగరకు వెన్నిచ్చినచో’ అన్న ఎత్తుగడ బాగానే ఉంది కానీ, మూడో పాదం నా చెవిలో ‘ముగురాడవార లైతిరి’ అని నిలిచిపోయింది. ‘మైతిమి’ అనే పాఠం కూడా కనిపిస్తున్నది. రెండింటిలో ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

గణకుడు:
ఛందస్సును సాక్ష్యానికి పిలిస్తే అది రెండు పక్షాలకూ అనుకూలంగానే చెబుతుంది. ‘ముగురా’ సగణం, ‘డవార’ జగణం, ‘మైతిమి’ భగణం. ‘లైతిరి’ కూడా భగణమే. జగణం రెండో గణంగా పడింది కనుక దోషం లేదు. కొందరు ‘ముగ్గురాడవార’ అని చదువుతూ ఉంటారు, అది మాత్రం ససేమిరా కుదరదు. గణం చెడడం ఒక ఎత్తయితే, పగ, నగ, ముగ, వగ అన్న ప్రాస కూడా చెడిపోతుంది. పద్యం పూర్తిగా ఇది:

పగరకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకు లెందున్
ముగురాడవార మైతిమి
వగ పేటికి జలకమాడ వచ్చిన చోటన్

ఇక అర్థం సంగతి చూద్దాం. చానమ్మ ఎదుట నిలబడినవాడు ఒక్కడు. ఆ ఒక్కడితో మాట్లాడుతూ ‘మీరు ముగ్గురూ ఆడవాళ్ళయ్యారు’ అని ఎందుకు అంటుంది? ‘లైతిరి’ పక్షం వారు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

వెన్నెలపెన్న:
గణకుడు గారు గణాల దగ్గర ఆగిపోయారు కానీ, ఈ పద్యానికి ప్రాణం ఆ ‘మి’లోనే ఉంది. మా నెల్లూరు వైపు ఈ కథ చెప్పేటప్పుడు స్నానానికి నీళ్ళు పెట్టిన చోట నులకమంచం అడ్డం పెట్టి, పక్కన పసుపుముద్ద ఉంచిందని తప్పకుండా చెబుతారు. అత్త ప్రోలమ్మ, తాను, ఇప్పుడు ఈయన, కలిసి ముగ్గురు ఆడవాళ్ళం, ఇక సిగ్గెందుకు అన్నది ఆమె మాట. తిట్టే మనిషి తిట్టులో తనను కూడా కలుపుకొన్నది. ‘లైతిరి’ అనగానే ఆమె గట్టు మీదికి ఎక్కి నిలబడినట్టు అవుతుంది. మంచురేవు గారు చెప్పిన హాకీ అభిమాని నిలబడేది సరిగ్గా ఆ గట్టు మీదనే. ‘సిస్టర్స్’ అన్నవాడు తనను ఆ మాటకు బయట ఉంచుకొనే అంటాడు. అందుచేత ఆ వ్యాసంలో ఈ పద్యాన్ని సమానార్థకంగా వాడితే పొసగదని నా అభిప్రాయం.

పాలేటిగట్టు:
పెన్నమ్మ గారి వ్యాఖ్య ముచ్చటగా ఉంది కానీ, ముగ్గురిలో మూడో ఆడది ఖడ్గతిక్కనే అని అంత ధీమాగా ఎలా చెప్పగలం? దండనాథుడి ఇంట్లో నీళ్ళు తోడిపెట్టే దాసి ఉండదా? అత్త, కోడలు, దాసి, ముగ్గురమూ ఆడవాళ్ళమే ఉన్నాము, మగతనపు నాయకులు నవ్వే చోటు ఇది కాదు, సిగ్గుపడకుండా జలకమాడు అని వెటకారంగా అన్నదని చదివితే ‘మైతిమి’ నిలుస్తుంది, మగవాణ్ణి ఆడది అనడమూ తప్పుతుంది. క్రియలోని ‘తిమి’కి ‘మనము’, ‘మేము’ అన్న తేడా తెలియదన్న సంగతిని అందరూ మరచిపోతున్నారు.

అయినా నన్ను అడిగితే తల్లి పద్యం ముందు భార్య పద్యం దిగదుడుపే. పశువుల మేత తగవులో యాదవ నాయకుడు కాటమరాజు మీదికి పోయి విరిగి వచ్చిన కొడుకుకు విరిగిన పాలు వడ్డించి, ‘పసులున్ విఱిగినవి తిక్క పాలున్ విఱిగెన్’ అన్నది ఆ తల్లి. యోధుడు విరిగి వచ్చాడు, పసులు విరిగాయి, పాలు విరిగాయి. అంత ఘాటుగా కొడుకును నిలదీసిన పద్యంలో ఆడ, మగ అన్న ఊసే లేదు. ఆమె ఏరుకున్న మాట ‘పంద’. పిరికితనాన్ని తిట్టడానికి ఆడదాన్ని మధ్యలోకి లాగవలసిన అవసరం ఆ పెద్దావిడకు కనిపించలేదు.

నిఘంటుప్రియ:
ఆ పద్యాన్ని ఎత్తారు కనుక ఒక సవరణ చేస్తాను. దాని రెండో పాదం చివర చాలామంది ‘పందక్రియన్ నీ’ అని చదువుతారు. ‘క్రి’ ముందున్న ‘ద’ను గురువుగా పలికితే అక్కడ ‘పందక్రియ నీ’ అంటేనే పాదం సరిపోతుంది. ఆ ‘నీ’ తరువాతి పాదంలో ‘వసి వైచి’ అని వస్తుంది. దానిని ‘నీవు అసి వైచి’ అని విడదీసి, కత్తి పారవేసి అని అర్థం చెప్పుకోవాలి. ‘వసివాడు’లోని ‘వసి’ని ఇక్కడికి తెచ్చి ‘నీ వసి వైచి’ అని విరిచేవారు ఉన్నారు కానీ, ఖడ్గమే ఇంటిపేరైనవాడిని దెప్పేటప్పుడు ఖడ్గాన్ని వదిలిపెట్టి వాడిపోవడం గురించి ఎవరైనా మాట్లాడతారా?

మంచురేవు గారికి ఇక్కడ ఒక విడ్డూరం పనికి రావచ్చు. మన వీరుడు ఆయుధాన్ని పారవేస్తే ఓటమి. హాకీలో చేతి తొడుగులు మంచు మీద పారవేస్తే ముష్టియుద్ధానికి సిద్ధమని అర్థం. ఆ యుద్ధానికి ఐదు నిమిషాల పెనాల్టీ వేస్తారు, గ్యాలరీలో మాత్రం జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఒక గోలు, ఒక అసిస్టు (గోలుకు దారితీసే పాస్), ఒక కొట్లాట ఒకే ఆటలో పూర్తి చేసినవాడికి పాతతరం మేటి ఆటగాడి పేరిట ‘గోర్డీ హౌ హ్యాట్రిక్’ అని బిరుదు కూడా ఉంది. కొట్లాటను కూడా లెక్కలోకి చేర్చుకున్న ఆటలో, కొట్లాటకు దిగనివాడిని ఏమంటారో వేరే చెప్పనక్కరలేదు.

మంచురేవు:
అందరికీ ధన్యవాదాలు. నా ఇబ్బంది ఏమిటంటే, ఆ వెక్కిరింపును తెలుగులోకి ఎలా తేవాలన్నది. ‘అక్కచెల్లెళ్ళు’ అంటే మన చెవికి ఆప్యాయంగా వినిపిస్తుంది, తిట్టులా తగలదు. ‘గాజులు తొడుక్కున్నారు’ అంటే వెంటనే తగులుతుంది. పనులు చేయని అధికారులకు గాజులు, చీరలు పంపి నిరసన తెలిపే అలవాటు మనకు ఉన్నదే కదా. పాలేటిగట్టు గారు చెప్పిన ‘పంద’ను వాడితే అబద్ధం రాసినట్టు అవుతుంది, ఎందుకంటే వాళ్ళు పందలు కారు. హెన్రిక్ 2004 నుంచి 2014 జనవరి వరకు లీగ్ దశలో వరుసగా 679 ఆటలు ఆడాడు. 2010లో గోల్సు, అసిస్టులు కలిపి 112 పాయింట్లతో అతడు, మరుసటి సంవత్సరం 104 పాయింట్లతో తమ్ముడు లీగ్‌లో అగ్రస్థానం అందుకున్నారు. 2022లో ఇద్దరికీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. విరిగిన పక్కటెముకతో, దెబ్బతిన్న ఊపిరితిత్తితో 2013 ఫైనల్ ఆఖరి ఆట ఆడిన బోస్టన్ ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్‌ను వీరుడని కొనియాడినవారే, పదేళ్ళు ఒక్క ఆటా మానని హెన్రిక్‌ను మెత్తనివాడని అన్నారు. పిట్స్‌బర్గ్ ఆటగాడు సిడ్నీ క్రాస్బీని ‘సిండీ’ అని ఆడపేరుతో పిలిచిన గ్యాలరీలు, 2011లో తలకు తగిలిన దెబ్బలతో అతడు నెలల తరబడి ఆటకు దూరమైనప్పుడు కూడా ఆ పేరును వదిలిపెట్టలేదు.

పాలేటిగట్టు:
‘మెత్తనివాడు’ అన్న మాట మీరే అనేశారు, ఇక వేరే అనువాదం ఎందుకు? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్ళు అననే అన్నారు. మార్షాండ్ విలేకరులకు చెప్పిన జవాబు మొత్తం ఆ సామెతలో ఇమిడిపోయింది.

వెన్నెలపెన్న:
ఆ సామెత తప్పును మెత్తనివాడి మీదికే నెడుతున్నది, గమనించండి. గాజుల మాట గురించి కూడా నాకు పేచీ ఉంది. మహిళల తొలి ప్రపంచ హాకీ పోటీలు 1990లో ఒటావాలో జరిగాయి. కెనడా జట్టుకు గులాబీ రంగు చొక్కాలు తొడిగించారు. ఆ గులాబీ చొక్కాలతోనే, ఒంటితో ఒంటిని ఢీకొట్టే బాడీ చెకింగ్‌ను అనుమతించిన నిబంధనల కింద ఆడి, ఫైనల్‌లో అమెరికాను 5–2తో ఓడించారు. ఆ పోటీల తరువాత మహిళల ఆటలో బాడీ చెకింగ్‌ను నిషేధించి, నిషేధించిన వ్యవస్థ సంగతి మరచిపోయి, ఆడవాళ్ళ ఆట మెత్తన అని తేల్చేశారు. 2024 జనవరి 1న టొరంటోలో మొదలైన మహిళల వృత్తి లీగ్‌లో శరీర ఘర్షణకు మునుపటికంటే ఎక్కువ వీలు కల్పించారు. అక్కడి గ్యాలరీలో కూర్చున్న అభిమాని ఎదుటి జట్టును ‘సిస్టర్స్’ అని వెక్కిరిస్తే ఎవరికి తగులుతుంది? తిట్టులోని ఉపమానమే ఎదుట నిలబడి పక్ (హాకీ బిళ్ళ) కోసం పోరాడుతూ ఉంటే ఉపమేయానికి పని లేదు. చానమ్మ ‘మైతిమి’ అన్నప్పుడు జరిగింది కూడా అదేనని నేను మొదటినుంచీ చెబుతున్నాను.

గణకుడు:
మిల్‌బరీ పేరు వచ్చింది కనుక ఒక విషయం చేరుస్తాను. 1979 డిసెంబరులో అతడు బోస్టన్ ఆటగాడిగా న్యూయార్క్‌లో గ్యాలరీ ఎక్కి, ఒక ప్రేక్షకుడి కాలి బూటు ఊడదీసి ఆ బూటుతోనే కొట్టాడు. ఆరు ఆటల నిషేధం పడింది. 2020 ఆగస్టులో, కోవిడ్ కారణంగా ఖాళీ గ్యాలరీల మధ్య ఆటలు జరుగుతున్నప్పుడు, ఏకాగ్రత చెడగొట్టడానికి ఇక్కడ ఆడవాళ్ళు కూడా లేరన్నట్టు ప్రసారంలో మాట్లాడి వ్యాఖ్యాత పనికి దూరమయ్యాడు. ఎవరిది మగతనమో నిర్ణయించే పీఠం మీద ఇటువంటి న్యాయమూర్తి కూర్చున్నాడు.

అయితే మీరందరూ చాటువుల చుట్టూ తిరుగుతున్నారు కానీ, అసలు తిక్కనను వదిలేశారు. ఖడ్గతిక్కనకు జ్ఞాతి అయిన కవితిక్కన విరాటపర్వంలో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాడు. జడ వేసుకున్న బృహన్నల రథం మీద వస్తుంటే కౌరవసేన పేడి అని తేలికగా తీసిపారేయలేదు. ద్రోణుడికి ఆ రూపం వెనుక ‘సింగం బాఁకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి’ బయటికి వచ్చినట్టు కనిపించింది. ‘చేట్పాటు’ (దుర్దశ) అన్న ఆ ఒక్క మాట కోసం నేను ఆ పద్యాన్ని ఎన్నిసార్లైనా చదువుతాను.

నిఘంటుప్రియ:
గణకుడు గారు తమకు కావలసినంతవరకే కథ చెప్పారు. పారిపోతున్న ఉత్తరుడి వెంట బృహన్నల జడ ఎగురుతుండగా పరుగెత్తినప్పుడు అదే సేనలో నవ్వినవారు ఉన్నారు. ద్రోణుడి మాటను సేన మొత్తానికి అంటగట్టడం న్యాయం కాదు. గ్యాలరీ అప్పుడూ ఉంది. పైగా ఆ ఘట్టంలో అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని కౌరవులను చెండాడతానన్న ఉత్తరుడిని కవి మగవాడిగానే ఉంచి నవ్వించాడు, చీర కట్టి నవ్వించలేదు. హెల్మెట్‌కు అద్దపు ముసుగు తగిలించుకున్న ఆటగాడు మగాడే కాదని టీవీ ముందు కూర్చుని కేకలు వేసిన హాకీ అభిమానులకు ‘ఉత్తరకుమారులు’ అన్న పేరు సరిగ్గా అతుకుతుంది. 2013 నుంచి లీగ్‌లోకి కొత్తగా వచ్చే ప్రతివాడూ ఆ అద్దం పెట్టుకొని తీరాలని నియమం వచ్చాక ఆ కేకలు తగ్గాయి.

మంచురేవు:
‘ఉత్తరకుమారులు’ తిట్టినవాడికి పనికి వస్తుంది కానీ, తిట్టుకు పనికి రాదు కదండీ. నాకు కావలసినది తిట్టు. ప్రస్తుతానికి ‘సిస్టర్స్’ను అలాగే తెలుగు లిపిలో ఉంచి, చానమ్మ పద్యాన్ని ‘మైతిమి’ పాఠంతో కింద చేర్చుతున్నాను. దాసి ప్రతిపాదనను మాత్రం స్వీకరించలేకపోతున్నాను, పాలేటిగట్టు గారు మన్నించాలి. ఇంట్లో ముందే ముగ్గురు ఆడవాళ్ళు ఉంటే ‘ఐతిమి’ అనవలసిన పని లేదు, ‘ఉన్నారము’ అంటే సరిపోయేది.

పాలేటిగట్టు:
‘ఐతిమి’కి కొత్తగా మారడమనే అర్థం ఒక్కటే ఉన్నదని ఎవరు చెప్పారు? ‘బంధువుల మైతిమి’ అన్నవాడు నిన్నటిదాకా బంధువు కాడనా? ఈ ఒక్క క్రియ మీద విడిగా చర్చ పెట్టండి, ప్రయోగాలతో సహా వస్తాను.

గణకుడు:
పెట్టేటప్పుడు ‘ఆడవార’మా, ‘ఆఁడువార’మా అన్నది కూడా కలపండి. అక్కడ కూడా రెండూ జగణాలే.