‘స్వలింగ సంపర్కుల వివాహం’ అనొచ్చా? ఒక మాట మీద పంచాయితీ

గ్రూపులో అందరికీ నమస్కారం. తీర్పు మంచిదా చెడ్డదా అని కొట్టుకోడానికి కాదు ఈ పోస్టు, ముందే చెప్పేస్తున్నా, అడ్మిన్ గారు కంగారు పడక్కర్లేదు. నా గొడవంతా ఒక మాట గురించి.

2023 అక్టోబర్ 17, ఇద్దరు మగాళ్ళో ఇద్దరాడాళ్ళో చేసుకునే పెళ్లిని చట్టం గుర్తించాలా అన్న కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన రోజు. సాయంత్రం విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీ కొట్టులో ఉన్నా. గోడ మీద చిన్న టీవీ, దాని కింద స్క్రోలింగులో ‘స్వలింగ సంపర్కుల వివాహం’ అని మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. చేతిలో సంచీతో ఒక ముసలాయన, ఏ ఊరి నుంచో పని మీద వచ్చినట్టున్నాడు, కూడబలుక్కుని చదివి ‘సంపర్కం అంటే ఏటి బావూ’ అని కొట్టు కుర్రాణ్ణి అడిగాడు. వాడు ఫక్కున నవ్వీసి గ్లాసులు కడుక్కోడంలో పడిపోయాడు. పక్కనున్నాయన నోటితో చెప్పలేదు, చేత్తో ఒక సైగ చేశాడు. అంతే, ఉన్న ఏడెనిమిది మందీ గొల్లుమన్నారు. ముసలాయన కూడా నవ్వి, కాసేపాగి, ‘మరి దీనికి కోర్టెందుకూ’ అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. అయిదుగురు జడ్జీలు, ఏప్రిల్ నుంచి మే దాకా పది రోజుల వాదనలు, ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, పింఛను ఎవరికి రావాలి, బ్యాంకు ఖాతాలో నామినీగా ఎవరి పేరు రాయాలి, పిల్లల్ని దత్తత తీసుకోవచ్చా, ఇంత తతంగం ఆ ఒక్క సైగలో కొట్టుకుపోయింది. తప్పు సైగ చేసినాయనది అనను, ఆ మాట అర్థం అదే కదా మరి.

సంపర్కం అంటే సంస్కృతంలో కలయిక, తాకిడి అంతే. ఢిల్లీకి సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎవరూ నవ్వరు. తెలుగులో మాత్రం ఈ మాట పేపర్లలో మంచం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఆ మాటని మనుషులకి పేరుగా పెట్టేశాం. భార్యాభర్తల్ని ఎప్పుడైనా ‘పరలింగ సంపర్కులు’ అని రాశామా? శుభలేఖలో ‘మా కుమార్తె చి.ల.సౌ. ఫలానా పరలింగ సంపర్కురాలు’ అని వేయిస్తే ఆ ప్రెస్సువాడు మనకేసి ఎలా చూస్తాడో ఊహించుకోండి. ఇద్దరు కలిసి కాపురం చేస్తామని కోర్టుకెళ్తే వాళ్ళ పేరులోనే పడకగది పెట్టడం ఏం న్యాయం? అందుకే అడుగుతున్నా, దీనికి మంచి తెలుగు మాట ఏది?

పాలకొండ మేష్టారు:
మంచి ప్రశ్న వేశారు. కానీ సంపర్కం ఒక్కటే కాదు, ‘స్వలింగ’ కూడా తప్పే. స్వ అంటే తన. ఇద్దరిదీ ఒకటే అని చెప్పడానికి ‘స’ ఉంది. సగోత్రులు అంటాం, స్వగోత్రులు అనం. సపిండులు, సజాతి, సోదరుడు. అలాగే ‘సలింగ’ అనాలి, నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి చెప్తున్నా. రెండోది, పెళ్లి అనే మాటకి పాత రూపం పెండ్లి, ఇంకా పాతది పెండిలి. పెండ్లాము, పెంటి, తమిళంలో పెణ్, అన్నీ ఒక తల్లి పిల్లలు, అన్నిటి వేరులో ఉన్నది ఆడమనిషే. వివాహం సరేసరి, వి+వహ్, వధువుని తీసుకుపోవడం. మాటలోనే స్త్రీ కూర్చుని ఉంటే ఇద్దరు మగాళ్ళకి అది ఎలా అతుకుతుంది? ఇది ద్వేషం కాదు, నిరుక్తం.

నేను:
మేష్టారూ, సలింగ దగ్గర చేతులెత్తేశాను. పెండ్లి దగ్గర మాత్రం ఎత్తను.

మా నాన్న వాళ్ళ ఊరు చీపురుపల్లి వైపు, మాకు గానుగ ఉండేది. నూనె అన్న మాటకి పుట్టుక మీకు తెలియంది కాదు, నువ్వు+నెయ్యి. అంటే నూనెలోనే నువ్వులు కూర్చుని ఉన్నాయి. మరి మన జిల్లాల్లో జనం వేరుశెనగ నూనె, కొబ్బరి నూనె, ఆవనూనె అంటుంటే ఏ పండితుడైనా సీసా లాక్కున్నాడా? అంతెందుకు, ‘నువ్వుల నూనె’ అంటే నువ్వుల నువ్వుల నెయ్యి అని లెక్క. తైలానిదీ అదే కథ, తిలల నుంచి పుట్టి ఆఖరికి యూకలిప్టస్ తైలం దాకా వెళ్ళింది. మాట పుట్టిన ఇల్లు వేరు, కాపురం చేసే ఇల్లు వేరు.

ఇక వివాహం అంటే వధువుని తీసుకుపోవడమే అయితే ఇల్లరికం సంగతేంటి? అక్కడ తీసుకుపోయేది అల్లుణ్ణి. సంచీతో వచ్చి మామగారింట్లో మకాం పెట్టేవాడికి కూడా మనం శుభలేఖలో వివాహమహోత్సవం అనే వేశాం. మీరు సగోత్రం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది, ఒకే గోత్రం వాళ్ళ పెళ్లి చెల్లుతుందని చట్టం చేసింది 1946లో. అంతకు ముందు ‘సగోత్ర వివాహం’ అన్న మాటే పెద్దలకి బూతులా వినపడేది. మనకి ముద్దుగా ఉండే మేనరికం, అందులోనూ అక్క కూతుర్ని చేసుకోవడం, ఉత్తరాది వాళ్ళకి చెప్పి చూడండి, మొహం ఎలా పెడతారో.

బొబ్బిలి నుంచి ఒకరు:
ఎన్ని చెప్పినా ఇది బయటి సరుకు సార్. మన భాషలో మాటే లేదంటే మనకి ఆ పనే లేదని అర్థం. సిటీలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ సరదా ఇది, మన పల్లెల్లో ఎవడికి కావాలి.

నేను:
ఇంగ్లీషులో వియ్యంకుడికి ఒక్క మాట లేదండీ. అంటే లండన్‌లో కూతుళ్ళకి మావగార్లు లేరా? తోడల్లుడికీ లేదు, అలాగని అక్కడ ఒకింటి అక్కాచెల్లెళ్ళని ఇద్దరు చేసుకోకుండా ఉన్నారా?

విజయనగరం కోర్టు దగ్గర జూనియర్:
సిటీ సరదా అన్నారు కాబట్టి చెప్తున్నా. సరిగ్గా ఇదే మాట కేంద్రం కూడా కోర్టుకి రాసిచ్చింది, ఇది పట్టణాల్లో పైవర్గాల ఆలోచన అని. దానికి జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. మహానగరంలో ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగస్థుడే కాదు, పల్లెలో పొలం పనికి పోయే ఆడమనిషి కూడా ఇందులో అంతే సమానం అన్నారు.

అసలు ఏం తీర్పొచ్చిందో కూడా చాలామంది తలకిందులుగా చెప్తున్నారు. ‘పెళ్లిళ్ళు నేరం అన్నారంట’ అని మా ఇంటి ఓనరే అన్నాడు. ఇద్దరు మగాళ్ళో ఇద్దరాడాళ్ళో ఇష్టపడి కలిసినా నేరం అన్నది 2018 సెప్టెంబర్ 6నే పోయింది, 377 సెక్షన్ కేసులో. 2023లో తేల్చింది వేరు. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు, మతంతో పనిలేకుండా పెళ్లి చేసుకోడానికి ఉన్న 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మేం తిరగరాయలేం, అది పార్లమెంటు పని, ఇక్కడిదాకా అయిదుగురిదీ ఒకే మాట. పెళ్లి అనకపోయినా ఆ జంటల బంధాన్ని ప్రభుత్వం గుర్తించి తీరాలా అన్న దగ్గర చీలిపోయారు. చంద్రచూడ్, కౌల్ అవునన్నారు, రవీంద్ర భట్, హిమా కోహ్లీ, మన తెలుగాయన నరసింహ కాదన్నారు. మూడు, రెండు. తీర్పు మళ్ళీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. కేసు వేసినవాళ్ళలో మొదటి పేరు హైదరాబాద్ జంటది, సుప్రియో, అభయ్.

భాష గ్రూపు కదా, ఒక ముక్క భాష గురించి కూడా. ఆ చట్టం వెనకాల ఫారాలుంటాయి, వరుడు చేసే డిక్లరేషన్, వధువు చేసే డిక్లరేషన్ అని విడివిడిగా. నాలుగో సెక్షన్లో మగవాడికి 21, ఆడమనిషికి 18 అని వయసు. ఇద్దరూ మగాళ్ళయితే ఎవరిది ఏ ఫారం? ఇద్దరూ ఆడాళ్ళయితే? కోర్టు మాటలు మార్చడానికి జంకింది ఇలాంటి చోటే. ఒక మాట లాగితే వారసత్వం, విడాకులు, భరణం అన్నీ ఊడి చేతికొస్తాయి, అల్లిన స్వెట్టరు దారం లాగినట్టు.

ఇంకోటి, పల్లెలో లేదన్న బొబ్బిలి గారికి. 2024 డిసెంబర్‌లో మన హైకోర్టుకి ఒక కేసొచ్చింది, ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటుంటే ఒకమ్మాయిని వాళ్ళ నాన్న నర్సీపట్నం తీసుకుపోయాడని. ఆ అమ్మాయి మేజరు, తనకిష్టమైన మనిషితో ఉండే హక్కు తనకుంది, తల్లిదండ్రులు అడ్డం రాకూడదు అంది కోర్టు. నర్సీపట్నం మనకి ఎంత దూరం?

నేను:
జూనియర్ గారూ, ఆ ‘బంధాన్ని గుర్తించడం’ అన్న దగ్గరే నేనింకో చోట ఇరుక్కున్నా. సివిల్ యూనియన్‌కి, అంటే పెళ్లి అనకుండా జంటగా చట్టం గుర్తించడానికి, తెలుగు ఏం రాస్తాం? మావాడొకడు ‘పౌర సంబంధం’ అన్నాడు. నవ్వాగలేదు. పౌర సంబంధాల శాఖ అని మనకి ఆల్రెడీ ఉంది, కలెక్టరాఫీసులో, ప్రెస్ నోట్లు పంపిస్తారు. పోనీ ఉత్త ‘సంబంధం’ అందామంటే తెలుగులో అంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. సంబంధం వచ్చింది, సంబంధం చూశాం, సంబంధం కుదిరింది, ఇక్కడిదాకా పసుపు కుంకుమలు. అదే సంబంధం ‘పెట్టుకుంది’ అనండి, ‘ఉందట’ అనండి, వీధి వీధంతా తలుపుల్లోంచి తొంగి చూస్తాది. మాట అదే, పక్కన క్రియ మారిందంతే. నాకనిపిస్తాది, టీ కొట్టు జనాలకి కోపం కన్నా ఎక్కువ ఈ తికమకే. ఇది కుదిరిన సంబంధమా, పెట్టుకున్న సంబంధమా? కోర్టు కుదిరింది అననూ లేదు, పెట్టుకోవద్దు అననూ లేదు.

ఆమదాలవలస అమ్మ:
పిల్లలు గ్రూపులో చేర్చారు, ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే ఏమనుకోకండి. మీరంతా లింగం, సంపర్కం అని పెద్ద మాటలు ఆడతన్నారు గానీ మా ఈధిలో ఆ టీవీ వార్త చూసినప్పుడు ఆడాళ్ళం మాటాడుకున్నది అది కాదు. ‘సరే చేసుకున్నారే అనుకో, వరసేటవుతాది?’ అని. కూతురు ఇంకో అమ్మాయిని తెచ్చుకుంటే ఆ పిల్ల నాకు కోడలా, కూతురా? నా కొడుకు ఆ పిల్లని ఒదిన అనాలా, అప్ప అనాలా? వరస లేకుండా మనం మడిసిని పిలవలేం కదా. ఒక ముసలమ్మయితే ‘పిలుపు తేలితే మిగతాది తేలిపోద్దే’ అనీసింది.

మా అమ్మమ్మకి ఒక నేస్తం ఉండేది. పైటూరి ఆవిడ, కులం వేరు. చిన్నప్పుడు సంక్రాంతికి పసుపు రాసుకుని చీరలు మార్చుకుని నేస్తం కట్టుకున్నారంట. తర్వాత ఒకరి పేరు ఒకరు పెట్టి పిలుచుకోలేదు, ‘నేస్తం’ అనే. ఆవిడ మా ఇంటికొస్తే మేము అమ్మమ్మా అనే పిలిచేం, ఆవిడ కొడుకుల్ని మావయ్యా అన్నాం, మా పెళ్ళిళ్ళకి మేనమామ పీట మీద వాళ్ళొక్కరు కూచున్నారు కూడా. రక్తం లేదు, పెళ్లి లేదు, వరస మాత్రం వచ్చీసింది. ఇది అదీ ఒకటని అనటం లేదు, వాళ్ళిద్దరికీ మొగుళ్ళున్నారు, పిల్లలున్నారు. వరస పుట్టించుకోవడం మనకి కొత్త కాదు అంటున్నాను.

నేను:
అమ్మా, మీరు రాసింది చదివి టీ చల్లారిపోయింది. ఎప్పుడూ రాయలేదు అన్నారు చూశారా, అది నేరం.

పాలకొండ మేష్టారు:
ఆమదాలవలస అమ్మగారికి నమస్కారం. నేస్తం సంగతి నేనూ ఎరుగుదును, మా మేనత్తకీ ఉండేది, ఇన్నాళ్ళకి గుర్తు చేశారు. నూనె దెబ్బకి నేను పెండ్లి మీద కేసు ఉపసంహరించుకుంటున్నాను. కానీ ఒకటి. తమిళనాడులో 2022లో ప్రభుత్వమే ఇలాంటి వాళ్ళని ఏ మాటలతో రాయాలో పట్టిక గెజిట్లో వేసింది, మద్రాసు హైకోర్టు వెంటపడితే. హిజ్రాలని తిరునంగై అని గౌరవంగా రాయడం అక్కడ అలవాటైపోయింది. మనం ఇంకా కొ.., మా.. అని తిట్లనే పేర్లుగా వాడుతున్నాం. గిడుగు వారు పుట్టిన గడ్డ వాళ్ళం, సిగ్గుపడాలి.

విజయనగరం కోర్టు దగ్గర జూనియర్:
మేష్టారూ, అదే మద్రాసు హైకోర్టు 2025 మేలో ఇంకో సంగతి అంది. ఒకమ్మాయిని ఇంట్లో నిర్బంధించారని కేసు. ఆ తీర్పులో, ఇలాంటి వాళ్ళకి ఇంగ్లీషులో వాడే ‘క్వీర్’ అన్న మాట వాడటానికే మాకు ఇబ్బందిగా ఉంది అన్నారు జడ్జీలు. డిక్షనరీలో దానికి వింత, విడ్డూరం అని అర్థం, వాళ్ళకి సహజమైంది వింత ఎలా అవుతుందని. కానీ సుప్రీం కోర్టు తీర్పు నిండా ఆ మాటే ఉంది, ఎందుకంటే వాళ్ళే ఆ తిట్టుని తీసుకుని పేరుగా పెట్టుకున్నారు. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదని కూడా ఆ మద్రాసు తీర్పులోనే రాశారు.

నేను:
అదిగో, అంటే జడ్జీలు కూడా మనలాగే మాట దగ్గర తడబడుతున్నారన్నమాట, మనసు తేలికైంది.

నా లెక్క చెప్పేస్తా. మనుషుల గురించి రాసేటప్పుడు సంపర్కులు పూర్తిగా బంద్. పేపర్ భాషకి సలింగ వివాహం, మేష్టారి మాట, పలకడానికి కొంచెం కష్టమే, స్వలింగ వివాహం అన్నా నేను గొడవ పెట్టను. నోటి మాటకి మాత్రం ‘ఇద్దరాడాళ్ళ పెళ్లి’, ‘ఇద్దరు మగాళ్ళ పెళ్లి’ చాలు, ఏ ముసలాయనా సైగ కోసం చూడక్కర్లేదు. సివిల్ యూనియన్‌కి ‘జంట’ చుట్టూ ఏమైనా చెయ్యొచ్చేమో, జంట నమోదు, నమోదైన జంట. ఎద్దులకీ జంటే, పావురాలకీ జంటే, ఏది ఆడో ఏది మగో ఆ మాట అడగదు.

బొబ్బిలి నుంచి ఒకరు:
నేను ఒప్పుకోను. పెళ్లంటే పెళ్లే. కానీ సంపర్కులు అనడం బాగోలేదు అన్నదానికి సరే. మా అబ్బాయి పక్కన కూచుని టీవీ చూస్తుంటే నాకే ఛానెల్ మార్చాలనిపించింది.

పాలకొండ మేష్టారు:
స్వలింగ అన్నా గొడవ పెట్టనంటే ఎలా? నేను పెడతాను.

ఆమదాలవలస అమ్మ:
మరి వరస సంగతి ఎవరూ తేల్చలేదు.